తెగిన అడవులు, ఏనుగుల దారులు : గ్రామ పంచాయతీలు చేయదగిన పని

ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే యని మన పెద్దల సామెత. కాని చిత్తూరు జిల్లాలోని పలమనేరు, కుప్పము ప్రాంతముల రైతు నడిగినచో ఆ లెక్కను వేరుగా చెప్పును. కోతకు వచ్చిన చెరకు తోటలో ఒక్క రాత్రి ఏనుగుల మంద దిగినచో ఆ యేటి అప్పు తీరదు; కావలికి పోయిన మనిషి తెల్లవారి క్షేమముగా ఇల్లు చేరునను ధైర్యముండదు. ఉత్తరమున పార్వతీపురం మన్యం జిల్లా రైతులకును ఈ బాధ తెలిసినదే. 2024 ఏప్రిల్ నెలలో మహారాష్ట్ర వైపు నుండి తెలంగాణలోని కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో ప్రవేశించిన ఒంటరి ఏనుగు ఇద్దరు రైతుల ప్రాణములను తీసినది. దేశము మొత్తము మీద ఇటీవలి కాలమున ఏటా సుమారు 500 మంది, కొన్ని సంవత్సరములలో 600 మందికి మించి, ఏనుగుల వలన మరణించుచున్నారు.

రెండవ వైపు కూడ చూడవలసియున్నది. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలమున నాలుగు ఏనుగులు విద్యుద్ఘాతము వలన చనిపోయినవి. మరుసటి నెలలోనే పలమనేరు సమీపమున రహదారిపై వాహనము ఢీకొని మూడు ఏనుగులు మరణించినవి. చంపవలెనని ఏనుగు ఊరికి రాదు. చావవలెనని రహదారి నెక్కదు. మరి యెందుకు వచ్చుచున్నది? తరిమివేసినంత మాత్రమున పని తీరునా? పంచాయతీ సభ్యులు ఈ విషయమున ఏమి చేయగలరు? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింతము.

ఏనుగు జీవన విధానము

పెరిగిన ఏనుగు దినమునకు సుమారు 150 కిలోల మేత మేయును. 100 లీటర్లకు తక్కువ గాకుండ నీరు త్రాగును. పగలు, రాత్రి కలిపి పదునారు గంటల వరకు దానికి మేతతోనే సరిపోవును. ఇంత మేత ఒక్కచోట దొరకదు. వానకాలమున లేత గడ్డి, ఎండకాలమున వెదురు, మర్రి, మేడి కొమ్మలు, చెట్ల బెరడు, వెలగపండ్లు - ఈ విధముగా ఋతువును బట్టి తావు మార్చుచు తిరుగుట దాని స్వభావము. దక్షిణ భారతమున పరిశోధకులు ఏనుగుల మెడకు రేడియో పట్టీలు కట్టి పరిశీలింపగా, ఒక్కొక్క మంద వందల చదరపు కిలోమీటర్ల ప్రదేశమున తిరుగుచున్నట్లు తేలినది.

మందకు పెద్ద వయస్సు గల ఆడ ఏనుగు నాయకురాలు. కరవు నాడు ఏ వాగులో చెలమ యుండునో, ఏ కొండవాలున పచ్చిక మిగిలియుండునో ఆమెకు తెలియును. తల్లి వెంట నడచి తాను నేర్చిన దారులనే ఆమె తన పిల్లలకు నేర్పును. మగ పిల్లలు పదియేండ్లు దాటిన పిమ్మట మందను విడిచి దూర ప్రాంతములకు పోవును. ఇందువలననే వేరువేరు మందల నడుమ రక్తసంబంధము కలిసి, జాతి బలముగా నిలుచును. ఏనుగు చూలు 20 నుండి 22 నెలలు; ఒక ఈతకును మరియొక ఈతకును నడుమ నాలుగైదేండ్లు పట్టును. కాబట్టి ఒక్క ఆడ ఏనుగు అకాలముగా చనిపోయినచో ఆ లోటు త్వరలో తీరునది కాదు.

ఏనుగు వలన అడవికి మేలు కూడ గలదు. అది తిన్న పండ్ల గింజలు పేడతో కలిసి ఎన్నో మైళ్ళ దూరమున పడి మొలకెత్తును. అది నడచిన బాటలను ఇతర జంతువులు వాడుకొనును. అడవి బాగుండిన వాగులు పారును. వాగులు పారిన మన చెరువులు నిండును.

అడవి ముక్కలైనచో ఏమగును?

ఒక చిన్న లెక్కను చూడుడు. పొడవు 10 కిలోమీటర్లు, వెడల్పు 10 కిలోమీటర్లు గల చదరపు అడవి ఒకటి యున్నదనుకొందము. దాని వైశాల్యము 100 చదరపు కిలోమీటర్లు. చుట్టుకొలత 40 కిలోమీటర్లు. ఇదే అడవిని నాలుగు సమాన భాగములుగా విడదీసి, వాని నడుమ పొలములు, బాటలు వచ్చినవనుకొందము. ఒక్కొక్క ముక్క చుట్టుకొలత 20 కిలోమీటర్లు; నాలుగింటికి 80 కిలోమీటర్లు. అడవి వైశాల్యము తగ్గకపోయినను, అడవికిని పొలమునకును గల సరిహద్దు రెట్టింపైనది. కావలి కాయవలసిన గట్టు రెట్టింపు. ఏనుగు పంట వాసన పసిగట్టు తావులు రెట్టింపు. నష్టపడు రైతులును అంతే.

ఇంతటితో ఆగదు. ముక్కలలో ఒకదానియందు నీరెండినచో ఏనుగు రెండవ దానికి పోవలెను. నడుమ నున్న పొలమును, రహదారిని, రైలు పట్టాను దాటక తప్పదు. దాటలేనిచో ఉన్నచోటనే మేత తరిగి, ప్రక్కనున్న పంటపై పడును. చిన్న ముక్కలో చిక్కిన కొద్దిపాటి మందలో దగ్గరి రక్తసంబంధములోనే సంతతి కలిగి, తరతరమునకు జాతి క్షీణించును. కనుక, తెగిన అడవులను కలుపుట ఏనుగుకు మేలు, రైతుకు మేలు. ఈ రెండును ఒకే పనికి రెండు పేర్లు.

మన రాష్ట్రపు అనుభవము

ఒకప్పుడు కళింగ దేశపు ఏనుగులు భారతమంతటను పేరుగన్నవి. కౌటిల్యుని అర్థశాస్త్రము వానిని శ్రేష్ఠమైనవిగా లెక్కించుటయే గాక, రాజు ఏనుగుల కొరకు ప్రత్యేకముగా అడవిని కాపాడవలెనని విధించినది. అట్టి మన దేశమున, నేటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతమందు, సుమారు రెండు వందల యేండ్లు అడవి ఏనుగుల జాడ లేకపోయినది. 1980 దశకము తొలి భాగమున తమిళనాడు, కర్ణాటక సరిహద్దు అడవుల నుండి మందలు మరల చిత్తూరు జిల్లాలో ప్రవేశించినవి. ఆ ప్రాంతములందు అడవి తరిగిపోవుట, కరవు ఇందుకు కారణములని పరిశీలకులు తెల్పిరి.

ప్రభుత్వము 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణమున కౌండిన్య అభయారణ్యమును ఏర్పరచినది. 2003లో రాయల ఏనుగుల రిజర్వు ప్రకటింపబడినది. కాని మంద తిరుగు వైశాల్యమును పైన చెప్పియున్నాము. ఒక్క మందకే కొన్ని వందల చదరపు కిలోమీటర్లు కావలసినప్పుడు, సన్నగా సాగి, ఊళ్ళ నడుమ వంకరలు తిరిగిన ఈ అభయారణ్యము తనంత తాను చాలదు. పొరుగు రాష్ట్రముల అడవులతో దీని సంబంధము తెగకుండినప్పుడే ఇచటి ఏనుగులకు ఊపిరి సలుపును.

పంటలపై దిగిన ఏనుగులను మరలించుటకై శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఇచ్చుటకు కర్ణాటకతో 2024లో ఒప్పందము జరిగినది. 2025 మే నెలలో నాలుగు కుంకీలు మన రాష్ట్రమునకు అందినవి. పలమనేరు ప్రాంతమందలి ముసలిమడుగున వానికి శిబిరము నెలకొల్పబడినది. ఇది మంచి యేర్పాటు. అయితే, మరలించిన ఏనుగునకు అడవిలో మేత, నీరు, ముందుకు పోవు దారి లేనిచో అది వారము దినములలో మరల వచ్చును. కుంకీ మందు వంటిది. దారి పథ్యము వంటిది. పథ్యము లేని మందు రోగమును కుదుర్పదు.

ఏనుగుల దారి యనగా నేమి?

రెండు పెద్ద అడవులను కలుపుచు, ఏనుగులు తరతరములుగా రాకపోకలు సాగించు సన్నని నేలపట్టీని ఏనుగుల దారి, లేక కారిడారు అందురు. అది కొన్నిచోట్ల రిజర్వు అడవి. కొన్నిచోట్ల రెవిన్యూ పోరంబోకు. కొన్నిచోట్ల రైతు పట్టా భూమి. కేంద్ర ప్రభుత్వము 1992లో ప్రాజెక్టు ఎలిఫెంట్ అను పథకమును ప్రారంభించినది. 2010లో ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించినది. 2023లో వెలువడిన కేంద్ర నివేదిక ఏనుగులు గల 15 రాష్ట్రములలో 150 దారులను గుర్తించినది. నీలగిరులలోని సిగూరు పీఠభూమి దారిని రక్షించుచు తమిళనాడు ప్రభుత్వము చేసిన ప్రకటనను 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించినది. దారి మీద కట్టడములు కట్టినవారు వానిని ఖాళీ చేయవలసియుండునని ఆ తీర్పు వలన స్పష్టమైనది.

ఏనుగుకు దారి గుర్తు మిక్కుటము. తాతముత్తాతల నాటి బాటకు గోడ అడ్డము వచ్చినంత మాత్రమున అది బాటను మరచిపోదు. గోడ ప్రక్కన ఎవరి పొలమున్న ఆ పొలముగుండ పోవును. అందుచేత ఒకరి కట్టడము మరియొకరి పంటకు ముప్పు తెచ్చుచున్నది.

ఇతర రాష్ట్రములు చేసిన పని

కర్ణాటకలోని కొల్లేగాల ప్రాంతమున బిళిగిరిరంగ కొండల అడవికిని, తూర్పునగల అడవులకును నడుమ ఎడయారహళ్ళి - దొడ్డసంపిగె దారి కలదు. అచట అడ్డముగా నున్న సుమారు 25 ఎకరముల ప్రయివేటు భూమిని ఒక స్వచ్ఛంద సంస్థ యజమానుల యిష్టముతో, ధర చెల్లించి కొని, అటవీ శాఖకు అప్పగించినది. భూమి స్వల్పము, కాని కీలకమైన తావున నుండుటచే రెండు పెద్ద అడవుల కలయిక నిలిచినది.

కేరళలోని వయనాడు జిల్లాలో తిరునెల్లి - కుద్రకోటె దారిలో నాలుగు చిన్న ఆవాసములుండెడివి. అచటివారు ప్రతి రాత్రి ప్రాణభయముతో గడిపెడివారు. వారితో దీర్ఘకాలము చర్చలు జరిపి, వారు సమ్మతించిన పిదప, వేరొకచోట భూమి, ఇండ్లు సమకూర్చి తరలించిరి. ఖాళీ చేసిన నేలలో అడవి తిరిగి పెరిగినది. ఏనుగులు స్వేచ్ఛగా తిరుగుచున్నవి. ఇచట గమనింపవలసినది సమ్మతి. బలవంతముగా తరలించిన ఊరు అడవికి శత్రువగును. ఇష్టపడి కదలిన ఊరు మిత్రమగును.

ఉత్తరాఖండులో రాజాజీ అడవి గంగానదికి ఇరువైపుల చీలియున్నది. చిల్లా - మోతీచూర్ దారికి అడ్డముగా రహదారి, రైలు మార్గము, ఊరు, సైనిక డిపో వచ్చినవి. అచట ఊరివారిలో కొందరికి పునరావాసము కల్పించి, రహదారిని వంతెన మీదుగా నడిపి, క్రింద జంతువులకు దారి విడిచిరి. కట్టిన తరువాత సరిదిద్దుట ఎంత ఖర్చుతో కూడినదో ఈ ఉదాహరణము తెల్పును. కట్టకముందే ఆలోచించుట చౌక.

అడవిని తిరిగి బాగుచేయుట

దారి విడిచినంత మాత్రమున చాలదు. అందు మేత యుండవలెను. నేడు మన అడవులలో విదేశముల నుండి వచ్చిన లాంటానా పొద విస్తరించి, గడ్డిని లేవనీయక, పశువులకును వన్యమృగములకును మేత లేకుండ చేయుచున్నది. దీనిని పైపైన నరికినచో మరల చిగిర్చును. వేరుమొదలు దగ్గర, చిగురు వేయు భాగమునకు దిగువన కోసి, పొదను పెకలించి తలక్రిందులుగా నిలిపి ఎండనీయవలెను. ఈ పని పొద గింజపట్టక మునుపు జరుగవలెను. పిమ్మట ఆ నేలలో స్థానికమైన గడ్డి విత్తనములు చల్లి, వెదురు, మర్రి, మేడి, వెలగ మున్నగు మొక్కలను నాటి, రెండు మూడేండ్లు క్రొత్త మొలకలను ఏరివేయుచుండవలెను. ఒక యేడు చేసి మరుసటి యేడు మానినచో శ్రమ వృథా యగును.

పెకలించిన లాంటానాకు కూడ ఉపయోగము గలదు. కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల సోలిగలు దానితో కుర్చీలు, బల్లలు చేయుచున్నారు. తమిళనాడు గూడలూరు ప్రాంతపు ఆదివాసులు ఆ కర్రతో నిలువెత్తు ఏనుగు బొమ్మలు చేయగా అవి విదేశములలో ప్రదర్శింపబడినవి. కలుపు మొక్క కూలికి దారి చూపినది.

నీటి విషయమున ఒక జాగ్రత్త వహింపవలెను. ఊటకుంటలను, చిన్న చెక్‌డ్యాములను అడవి లోపలి భాగమున నిర్మింపవలెనే గాని, ఊరి యంచున నిర్మింపరాదు. గజేంద్రుడు మందతో మడుగునకు వచ్చిన కథను ఎరుగని తెలుగువారు లేరు. మడుగు ఎచట నున్నదో మంద అచటికే వచ్చును. ఊరి ప్రక్కన మడుగు త్రవ్వి మంద రావలదనుట చెల్లదు.

ముందు మనుష్యుల ప్రాణరక్షణ

దారులు బాగగుటకు ఏండ్లు పట్టును. అంతవరకు రైతు ఏమి చేయవలెను? అడవి ప్రక్కన నుండువాడు నష్టపడుచుండగా, దూరమున నుండువారు ఏనుగును ప్రేమింపుమని బోధించుట న్యాయము కాదు. కావున ఈ క్రింది జాగ్రత్తలు వెంటనే తీసికొనవలెను.

మొదటిది, ముందు కబురు. తమిళనాడులోని వాల్పారై తేయాకు తోటల ప్రాంతమున ఏనుగుల కదలికలను కనిపెట్టి, ప్రజలకు ఫోను సందేశములు పంపి, ఎత్తయిన తావులందు ఎర్ర దీపములు వెలిగించు పద్ధతిని నెలకొల్పిరి. దీనివలన మరణములు తగ్గినవి. తెలియక ఎదురుపడుటయే పెక్కు మరణములకు కారణము.

రెండవది, కంచె. సౌరశక్తితో నడచు కంచె క్షణకాలపు అదటును మాత్రమిచ్చి ఏనుగును వెనుకకు మరలించును. మెయిన్ లైను నుండి నేరుగా తీగకు కరెంటు కలుపుట మహానేరము. అది ఏనుగునే గాక పశువులను, పొరుగు రైతును, కన్నబిడ్డలను చంపును. ఏనుగు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నది; చంపినవారికి జైలుశిక్ష తప్పదు. కంచె పొలముల చుట్టును వేయవలెను. దారికి అడ్డముగా వేయరాదు.

మూడవది, ఆకర్షణలను తగ్గించుట. ఊరి చివరి యింటిలో ధాన్యము నిలువ యుంచుట, సారా కాచుట, పనసపండ్లను చెట్టున మాగనిచ్చుట ఏనుగును పిలుచుటయే యగును. దారిని ఆనుకొనియున్న మళ్ళలో చెరకు, అరటికి బదులు అది అంతగా ఇష్టపడని మిరప, పసుపు, అల్లము, నిమ్మ వంటి వానిని, నేలకు, ధరకు అనుకూలమైనచో, ప్రయత్నింపవచ్చును.

నాలుగవది, గుంపులుగా వెంటబడి రాళ్ళు రువ్వుట, బాణసంచా విసరుట మానవలెను. బెదరిన మంద చెదరి పొరుగూరి మీద పడును. పిల్ల గల తల్లి, ఒంటరి మగ ఏనుగు మిక్కిలి ప్రమాదకరములు.

పంచాయతీ నిర్ణయము - ఒక ఉదాహరణము

ఒక గ్రామమును ఊహించుకొందము. ఊరికి తూర్పున ఒక కొండ, పడమర ఒక కొండ, రెండును అడవులే. నడుమ అరకిలోమీటరు వెడల్పున చెరువు పోరంబోకు, వర్షాధారపు రాగి చేలు. ఏటా రెండు పర్యాయములు మంద ఆ పట్టీ మీదుగా దాటిపోవును. అచట ఇండ్ల స్థలములు వేయుదుమని ఒకరు, ఇటుక బట్టీ పెట్టుదుమని మరియొకరు పంచాయతీకి దరఖాస్తు పెట్టిరి. అద్దె వచ్చును; కొందరికి పని దొరకును. పంచాయతీ ఒప్పుకొన్నచో ఆ దారి మూతపడును. నాటి నుండి మంద ఉత్తరపు చెరకు తోటల గుండనో, దక్షిణపు హరిజనవాడ గుండనో పోవును. అద్దె ఒకరికి, నష్టము వేరొకరికి, అదియు పేదవానికి. ఆ బట్టీని ఊరికి మరియొక దిక్కున పెట్టించి, పట్టీని పచ్చిక బయలుగా నిలిపినచో, ఊరి పశువులకు మేత మిగులును, మంద తన త్రోవన తాను పోవును. ఇట్టి నిర్ణయము పెద్ద కార్యాలయములలో గాక మొదట పంచాయతీ బల్ల దగ్గరనే జరుగుచున్నది.

పంచాయతీలు చేయవలసిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలు ప్రకారము సామాజిక అడవుల పెంపకము, చిన్నతరహా అటవీ ఉత్పత్తులు, చిన్ననీటి వనరులు, వాటర్‌షెడ్ అభివృద్ధి పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము క్రింద ప్రతి పంచాయతీలో నిర్వహణ సంఘముండవలెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామసభకు తన అడవిని కాపాడుకొను అధికారము నిచ్చినది; గ్రామసభ స్వేచ్ఛగా సమ్మతింపనిదే పునరావాసము కూడదు. ఈ అధికారముల నాధారముగా గొని ఈ క్రింది పనులను చేపట్టవచ్చును.

1. ఏనుగులు దాటు తావులను ముసలివారిని, పశువుల కాపరులను, కావలివారిని అడిగి గ్రామ పటముపై గుర్తించి, ఆ పటమును గ్రామసభలో చదివి, అటవీ శాఖకు పంపుట.

2. ఆ పట్టీలోని పోరంబోకు, మేతబీళ్ళు ఆక్రమణకు గురికాకుండ చూచుట; అచట కట్టడములకు, క్వారీలకు, బట్టీలకు అనుమతి సిఫారసు చేయకుండుట.

3. లాంటానా తొలగింపు, గడ్డి, మొక్కల పెంపకము, అడవి లోపలి నీటి కుంటల పనులను అటవీ శాఖ సమ్మతితో గ్రామ ప్రణాళికలో చేర్చి, ఉపాధి పనులలో పేదలకు కూలి కల్పించుట.

4. వ్రేలాడు కరెంటు తీగలను, వంగిన స్తంభములను ఎప్పటికప్పుడు గుర్తించి విద్యుత్ సంస్థకు వ్రాతమూలకముగా తెల్పుట; జవాబు వచ్చువరకు విడువకుండుట.

5. పంట నష్టమైన వెంటనే రైతుచే దరఖాస్తు పెట్టించి, తనిఖీకి వచ్చిన ఉద్యోగులతో పంచాయతీ సభ్యుడొకరు వెంట నుండుట. పరిహారము ఆలస్యమైన కొలది రైతు కోపము ఏనుగు మీదికి, అడవి మీదికి మరలును.

6. పొరుగు పంచాయతీలతో కలిసి మాట్లాడుకొనుట. ఒక ఊరు దారి విడిచి, ప్రక్క ఊరు మూసినచో ఫలితము శూన్యము.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

మన గ్రామ సరిహద్దులో ఏనుగులు ఏ నెలలలో, ఏ తావున దాటుచున్నవి? ఇరువది యేండ్ల క్రిందట ఏ దారిన పోయెడివి? ఆ దారి యెందుకు మారినది? గడచిన యేడు నష్టపడిన రైతులలో ఎందరికి పరిహారమందినది? దారికి ఆనుకొనియున్న సాగుదారులు పంట మార్చుకొనుటకు ఏ సహాయము కోరుచున్నారు? ఈ ప్రశ్నలకు ఉత్తరములు వ్రాసియుంచుకొన్నచో, అధికారులు వచ్చిననాడు పంచాయతీ మాటకు బలముండును.

2017 గణనలో మన దేశమున 27,312 అడవి ఏనుగులున్నట్లు అంచనా. పేడలోని డి.ఎన్.ఏ. ఆధారముగా చేసిన క్రొత్త అంచనా 2025లో వెలువడినది. అందు ఈ సంఖ్య 22,446. పద్ధతులు వేరగుటచే ఈ రెండింటిని పోల్చి తగ్గినవనుట సరికాదు. ఎట్లు లెక్కించినను వాని భవిష్యత్తు అభయారణ్యముల లోపల మాత్రమే గాక, అభయారణ్యముల నడుమ నున్న ఊళ్ళ చేతులలో నున్నది. అరకిలోమీటరు నేలను తెరచియుంచుట యొక పంచాయతీకి చిన్న పనిగా తోచవచ్చును. అట్టి అరకిలోమీటరులు గొలుసువలె కలిసినప్పుడే ఒక మంద తన అడవిని చేరును. ఒక రైతు తన పంటను ఇంటికి చేర్చుకొనును. రాబోవు గ్రామసభలోనే ఈ విషయమును చర్చకు తెచ్చి, తమ గ్రామపు పటమును సిద్ధపరుపవలెనని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.